నెల సరుకుల చీటీ నుంచి ఉదయపు నడక దాకా: ఆహారం, శారీరక శ్రమపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సమాధానాలు పెద్దగా అనారోగ్యం లేని వయోజనులను, వారి కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. మధుమేహం, రక్తపోటు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి వర్తించే విషయాలను అవసరమైన చోట విడిగా చెప్పాము.

ఆరోగ్యంగా తినాలంటే మన వంటలు మానేసి కొత్త రకం భోజనం నేర్చుకోవాలా?

అవసరం లేదు. పప్పు, ఆకుకూర, ఇగురు, చారు, రోటి పచ్చడి, పెరుగు ఉన్న తెలుగు భోజనంలో శరీరానికి కావలసిన దాదాపు అన్ని వర్గాల ఆహారమూ ఉంది. లోపమంతా పాళ్ళలో ఉంది. అన్నం కొండంత పెరిగి, కూర నంజుకునే వస్తువుగా, పప్పు అన్నాన్ని తడిపే ద్రవంగా మారిపోయింది.

ఈ పాళ్ళు ఎలా ఉండాలో చెప్పే మంచి కొలత మన దగ్గరే ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, 2024లో భారతీయుల ఆహార మార్గదర్శకాలను సవరించి ప్రచురించింది. రోజుకు సుమారు 2000 కిలోకేలరీలు అవసరమయ్యే వ్యక్తికి ఆ సంస్థ సూచించిన కంచంలో ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలతో కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, గింజలు 35 గ్రాములు, నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు ఉంటాయి. ఇవన్నీ వండకముందు తూచిన బరువులు. ధాన్యం కంటే కూరగాయలు ఎక్కువ బరువు ఉండటాన్ని ఇక్కడ ప్రత్యేకంగా గమనించాలి. మన ఇళ్ళలో ఈ లెక్క సాధారణంగా తలకిందులుగా ఉంటుంది.

గ్రాములు తూచుకుంటూ వండటం సాధ్యమయ్యే పనేనా?

ప్రతి పూటా తూచడం ఎవరివల్లా కాదు, ఆ అవసరమూ లేదు. దానికంటే సులువైన తూకం నెల సరుకుల చీటీలో ఉంది. పై లెక్కను నలుగురు పెద్దవాళ్ళున్న ఇంటికి, ముప్పై రోజులకు హెచ్చవేస్తే బియ్యం, గోధుమపిండి, ఇడ్లీ రవ్వ, ఉప్మా రవ్వ, జొన్నలు, రాగులు అన్నీ కలిపి 30 కిలోలు, పప్పులు 10 కిలోలకు కాస్త పైన, నూనె, నెయ్యి కలిపి 3 కిలోల 240 గ్రాములు, కూరగాయలు 48 కిలోలు, పండ్లు 12 కిలోలు, పాలు 36 లీటర్లు వస్తాయి.

ఇప్పుడు మీ ఇంటి చీటీ తీసి పక్కన పెట్టుకోండి. 25 కిలోల బియ్యం బస్తా నెల తిరగకుండానే అయిపోయి, దానిపైన పది కిలోల పిండీ రవ్వా వస్తుంటే ధాన్యం ఎక్కువైనట్టే. కందిపప్పు రెండు కిలోలు, మినపప్పు రెండు కిలోలు, పెసరపప్పు ఒక కిలో మాత్రమే రాసి ఉంటే, కావలసిన దానిలో సగమే కొంటున్నారని అర్థం. గుడ్లు, చేపలు, మాంసం తినే ఇళ్ళలో పప్పులో కొంత భాగాన్ని వాటితో భర్తీ చేసుకోవచ్చు. చిన్నపిల్లలున్న ఇంట్లో అంకెలు తగ్గుతాయి, పొలం పని, కూలి పని చేసేవారున్న ఇంట్లో పెరుగుతాయి కాబట్టి ఈ లెక్కను గీటురాయిగా కాకుండా ఒక అంచనాగా వాడుకోవాలి. అయినా, నెలకొకసారి పది నిమిషాలు వెచ్చించి చూసే ఈ చీటీ, రోజూ తినే ముందు పడే హైరానా కంటే ఎక్కువ నిజం చెబుతుంది.

అన్నం ఎంత తినవచ్చు? పూర్తిగా మానేస్తే మంచిదా?

మానేయవలసిన పని లేదు, కానీ ఎంత తింటున్నామో తెలుసుకోవడం చాలా అవసరం. మన భోజనం నడిచే తీరులోనే దీనికి ఒక చిక్కు ఉంది. మొదట పచ్చడితో రెండు ముద్దలు, తరువాత పప్పన్నం, ఆ తరువాత కూర, పులుసు లేదా చారు, చివరకు పెరుగన్నం. ఒక్కొక్క దానికి మళ్ళీ కొంచెం అన్నం వడ్డించుకుంటాము. ఏ ఒక్కసారీ ఎక్కువ పెట్టుకున్నట్టు అనిపించదు, అయితే ఐదుసార్లు కలిపితే అది పెద్ద మొత్తం అవుతుంది. అంటే అన్నం పెరగడానికి తినేవారి ఆశ కంటే వడ్డన పద్ధతే ఎక్కువ కారణం.

ధాన్యానికి కేటాయించిన 250 గ్రాములలో ఉదయపు టిఫినుకు 80 గ్రాములు పోతే, మిగిలిన రెండు పూటలకు ఒక్కొక్కరికి 85 గ్రాముల చొప్పున బియ్యం మిగులుతుంది. ఉడికిన తరువాత అది రెండున్నర రెట్లకు పైగా బరువు తూగుతుంది. ఒకసారి మీ ఇంటి గ్లాసుతో ఎన్ని గ్రాముల బియ్యం పడుతుందో కిరాణా కొట్టులోనైనా తూచి తెలుసుకుంటే ఆ తరువాత గ్లాసే కొలత అవుతుంది. ఇక తినేటప్పుడు, ఆ పూటకు సరిపడా అన్నాన్ని మొదటే ఒక్కసారి పెట్టుకుని, దానినే పప్పుకు, కూరకు, పెరుగుకు పంచుకోవడం అలవాటు చేసుకోవాలి. ముందుగా కంచంలో సగభాగం కూరా ఆకుకూరా వేసుకుని, మిగిలిన చోట అన్నం పెట్టుకుంటే పంపకం ఇంకా తేలికవుతుంది. ముద్దలో అన్నం కనిపించాలి, కానీ కూర దానికంటే ఎక్కువ కనిపించాలి.

బియ్యాన్ని నాలుగైదు సార్లు రుద్ది కడగడం, గంజి వార్చి పారబోయడం వలన బి విటమిన్లలో కొంత నీటితో పోతుంది. రెండుసార్లు కడిగి, కొలత నీళ్ళతో ఉడికిస్తే చాలు.

రాత్రి అన్నం మానేసి టిఫిన్ తింటున్నాము. అది చాలదా?

ఈ ప్రశ్న వేయని ఇల్లు అరుదు. ఇడ్లీ అంటే ఒక పాలు మినపప్పుకు రెండు పాళ్ళ బియ్యపు రవ్వ. దోసె కూడా దాదాపు అంతే, పైగా పెనం మీద నూనె. ఉప్మా గోధుమ నూక. పూరీ గోధుమపిండి, నూనె. కాబట్టి అన్నం బదులు ఐదు ఇడ్లీలు తిన్నప్పుడు మారింది రూపమే. కూర మాయమై కొబ్బరి చట్నీ వచ్చింది కనుక కంచం నిజానికి ఇంకొంచెం బలహీనపడింది. రాత్రి రెండు చపాతీలు లేదా ఒక జొన్నరొట్టె తిన్నా, దానితో గిన్నెడు పప్పో కూరో ఉన్నప్పుడే మార్పుకు అర్థం ఉంటుంది. టిఫిన్లలో పెసరట్టుకు మాత్రం ప్రత్యేక స్థానం ఇవ్వాలి, ఎందుకంటే అందులో ఎక్కువ పాలు పెసలే. దానిని ఉప్మాతో నింపకుండా ఉల్లిపాయ, అల్లం, పచ్చిమిర్చి చల్లి, తక్కువ నూనెతో కాల్చుకుంటే రాత్రి భోజనానికి అంతకంటే మంచి ఎంపిక కష్టం.

చిరుధాన్యాలు తప్పనిసరా?

తప్పనిసరి కావు, కానీ మంచి మార్పు. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత నగరాలలో వీటికి గిరాకీ పెరిగింది గానీ, రాయలసీమలో రాగి సంగటి, తెలంగాణలో జొన్నరొట్టె, ఊళ్ళలో అంబలి ఎప్పటినుంచో ఉన్నవే. వంద గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తెల్ల బియ్యంలో ఉండేది దానితో పోలిస్తే నామమాత్రం. కొర్రలు, సామలు, అరికెలు పీచు ఎక్కువగా ఉండి నెమ్మదిగా జీర్ణమవుతాయి.

అయితే రెండు జాగ్రత్తలు చెప్పాలి. చిరుధాన్యమైనా అది ధాన్యమే, బియ్యం స్థానంలో రావాలి గానీ బియ్యంతో పాటు అదనంగా రాకూడదు. రెండవది, మెత్తగా విసిరి పలుచగా కాచిన రాగి జావ, గట్టి సంగటి కంటే త్వరగా జీర్ణమై రక్తంలోకి చక్కెరను త్వరగా పంపుతుంది. ఇక పొట్లం మీద రాగి బొమ్మ ఉన్న బిస్కెట్లలో రాగి ఎంత, మైదా ఎంత, చక్కెర ఎంత అనేది వెనుక వైపు చిన్న అక్షరాలలో ఉంటుంది. కొనే ముందు అది చదవాలి.

రోజూ పప్పు తింటున్నాము కదా, మాంసకృత్తులు సరిపోవా?

సాధారణంగా సరిపోవు. పెద్దవారికి శరీర బరువులో ప్రతి కిలోకు 0.83 గ్రాముల మాంసకృత్తులు అవసరమని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. 60 కిలోల వ్యక్తికి అది రోజుకు 50 గ్రాములు. నలుగురికి కలిపి 150 గ్రాముల కందిపప్పు ఉడికించారనుకుందాం. అందులో ఉండేది సుమారు 33 గ్రాములు, ఒక్కొక్కరికి వచ్చేది 8 గ్రాములు. పైన చెప్పిన కంచం ప్రకారం తింటే ధాన్యాల నుంచి 20, పప్పుల నుంచి 19, పాలు పెరుగుల నుంచి 10 గ్రాముల చొప్పున కలిసి ఆ 50 దాదాపుగా పూర్తవుతుంది. పప్పు తగ్గినప్పుడు లోటు పడేది అక్కడే.

దీనికి పరిష్కారం డబ్బాలలో అమ్మే పొడులు కానక్కరలేదు. పప్పును పలుచగా కాకుండా ముద్దపప్పులా వండుకోవడం, సాయంత్రం నాలుగింటికి పునుగులకు బదులు ఉడికించిన శనగల గుగ్గిళ్ళు లేదా అలసందలు తినడం, వారానికి రెండుసార్లు ఉలవలు వండటం, పెసలు మొలకెత్తించి నిమ్మరసం పిండుకుని తినడం వంటివి చవకైన మార్గాలు. ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. గుప్పెడు వేరుశనగపప్పు, కంచంలో ఒక చేప ముక్క కూడా లెక్కలోకి వస్తాయి. మాంసకృత్తులను నిర్మించే అమైనో ఆమ్లాలలో, బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో సమృద్ధిగా ఉంటుంది, పప్పులో తక్కువైన మెథియొనిన్ బియ్యంలో ఉంటుంది. పప్పన్నం అనే జంట అందుకే అంత గట్టిది, పప్పు తగినంత ఉంటేనే సుమా.

ఉలవలు అనగానే ఉలవచారు గుర్తుకు వస్తుంది. ఉడికించిన నీటిని చారుకు తీసి గింజలను పశువులకు పెట్టే ఆచారం కొన్నిచోట్ల ఉండేది. మాంసకృత్తుల కోసమైతే ఆ గింజలనే తాలింపు పెట్టుకుని తినాలి.

రోజుకు 400 గ్రాముల కూరగాయలు మధ్యతరగతి కుటుంబానికి సాధ్యమా?

ధరలు పెరిగిన రోజులలో ఈ ప్రశ్న న్యాయమైనది. తోటకూర, పాలకూర, బచ్చలి, చుక్కకూర, గంగవాయిల కూర, మునగాకు వంటివి సాధారణంగా చవక, పోషకాలలో మాత్రం ఖరీదైన కూరగాయలకు ఏ మాత్రం తీసిపోవు. మునగచెట్టు ఉన్న వీధిలో ఆకు కోసుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు. సొరకాయ, బీరకాయ, దోసకాయ, గుమ్మడి వంటివి వాటి కాలంలో కొంటే ఖర్చు బాగా తగ్గుతుంది.

రోటి పచ్చడిని కూడా కూరగాయల లెక్కలోనే వేసుకోవాలి. బీరతొక్కు పచ్చడి, దోసకాయ పచ్చడి, వంకాయ పచ్చడి, టమాటా పచ్చడి అన్నీ కూరగాయలే, నూనె అదుపులో ఉంటే. సాంబారులో, పులుసులో ముక్కలు రెట్టింపు చేయడం మరొక సులువు. వేపుళ్ళను మాత్రం ఈ లెక్కనుంచి కొంత మినహాయించాలి: అరకిలో బెండకాయలు వేపుడయ్యేసరికి గుప్పెడవుతాయి, నూనె మాత్రం అంతా అందులోనే ఉంటుంది. మూతపెట్టి మగ్గించి, చివరి ఐదు నిమిషాలు మూత తీసి వేయిస్తే రుచి పెద్దగా తగ్గదు.

ఆకుకూరలలోని ఇనుమును శరీరం అంత సులువుగా గ్రహించదు. నిమ్మరసం, ఉసిరి, జామ వంటి సి విటమిన్ ఉన్నవి కలిస్తే ఆ పని మెరుగుపడుతుంది. భోజనం కాగానే తాగే టీ, కాఫీ దానిని తగ్గిస్తాయి. టీని భోజనానికి కనీసం గంట దూరం జరపడం ఒక్క రూపాయి ఖర్చు లేని మార్పు. మూత్రపిండాలలో రాళ్ళు వచ్చినవారు గోంగూర, పాలకూర, చుక్కకూర ఎంత తినవచ్చో వైద్యుడిని అడగాలి, ఎందుకంటే వాటిలో రాళ్ళకు కారణమయ్యే ఆక్సలేట్లు ఎక్కువ.

ఏ నూనె మంచిది?

ఏది అనేదానికంటే ఎంత అనేది ముందు తేల్చుకోవాలి. నలుగురికి నెలకు నెయ్యితో కలిపి 3 కిలోల 240 గ్రాములని పైన చూశాము. అంటే సుమారు మూడున్నర లీటర్లు. ఐదు లీటర్ల డబ్బా నెల రోజులలో ఖాళీ అవుతున్న ఇంట్లో వేరుశనగ నూనెకు బదులు తవుడు నూనె తెచ్చినా ఒరిగేది తక్కువ. గ్రాము నూనె ఏదైనా 9 కిలోకేలరీలే.

నూనె ప్యాకెట్టును నేరుగా మూకుడులోకి వంపకుండా, నెలకు కావలసిన నూనెను పక్కన పెట్టి, చెంచాతో కొలిచి వేయడం అన్నిటికంటే బాగా పనిచేసే అలవాటు. పరిమాణం అదుపులోకి వచ్చాక వేరుశనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు, తవుడు నూనెలను మార్చి మార్చి వాడుకోవచ్చు. గారెలు, పూరీలు వేయించగా మిగిలిన నూనెను మళ్ళీ మళ్ళీ మరిగించకూడదు. బండి మీద నల్లబడిన నూనెలో వేగే మిరపకాయ బజ్జీలతో వచ్చే ప్రధాన ఇబ్బంది అదే. మన దేశంలో నూనెలు, కొవ్వులలో పరిశ్రమ తయారు చేసే, గుండెకు హాని చేసే ట్రాన్స్ కొవ్వు 2 శాతానికి మించకూడదనే నియమం 2022 నుంచి అమలులో ఉంది, కానీ పదే పదే మరిగించడం వలన కలిగే హానికి ఆ నియమం అడ్డు కాదు.

ఆవకాయ లేకుండా ఎలా?

మానేయమని ఎవరూ అడగడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన రోజుకు 5 గ్రాములకు మించని ఉప్పు, అంటే దాదాపు ఒక చిన్న చెంచాడు, అన్ని వంటకాలతో కలిపి. నలుగురి ఇంటికి నెలకు 600 గ్రాములు. కిలో ప్యాకెట్టు నెల రాకుండా అయిపోతుంటే హద్దు దాటినట్టే, దానిపైన ఆవకాయలోని ఉప్పు, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, కారప్పూస, బ్రెడ్డు అన్నీ అదనమే.

ఊరగాయ పాడవకుండా ఏడాది నిలిచేది ఉప్పు వల్లనే కాబట్టి, ఆవకాయలో ఉప్పు తగ్గించడం కుదరదు. తగ్గించవలసింది తినే మోతాదును. పెరుగన్నంలో నంజుకోవడానికి చిన్న ముక్క వేసుకున్న రోజున ఆ అన్నంలో విడిగా ఉప్పు కలపకూడదు. ఊరగాయ, అప్పడం, ఊరమిరపకాయ మూడింటిలో ఒక పూటకు ఒక్కటే ఉండాలి. భోజనాల బల్ల మీద ఉప్పు గిన్నెను తీసి వంటింటి అలమరలో పెడితే సగం పని అయినట్టే. సైంధవ లవణం కూడా సోడియం ఉప్పే, పైగా అయోడిన్ కలిపిన ఉప్పుకు అది ప్రత్యామ్నాయం కాదు. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పును మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, కొన్ని రకాల రక్తపోటు మందులు వాడేవారు వైద్యుడిని అడగకుండా వాడితే ప్రమాదం.

చక్కెర బదులు బెల్లం వాడుతున్నాము. పరవాలేదు కదా?

బెల్లంలో కొద్దిపాటి ఖనిజాలు ఉన్నా రక్తంలో చక్కెరను పెంచే విషయంలో రెండూ ఒకటే. తేనె కూడా అంతే. రెండేసి చెంచాల చక్కెరతో రోజుకు మూడు టీలు తాగితే దాదాపు 25 నుంచి 30 గ్రాముల చక్కెర అక్కడికే పూర్తవుతుంది. చెంచాను వారానికి పావు వంతు తగ్గిస్తూ పోతే నాలుక అలవాటు పడుతుంది. ఒక్కసారిగా మానినవారు సాధారణంగా నెల తిరగకముందే వెనక్కి వస్తారు. పండును రసం తీయకుండా పండుగానే తినాలి. దాహానికి నీళ్ళు, పలుచని మజ్జిగ చాలు.

బరువు ఎక్కువగా ఉన్నదీ లేనిదీ ఎలా తెలుస్తుంది?

కిలోలలోని బరువును మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే సూచిక 23 దాటితే భారతీయులకు అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా లెక్కిస్తారు. పాశ్చాత్యులకు వాడే అంకెల కంటే ఇవి తక్కువ, ఎందుకంటే మనవారిలో బరువు మామూలుగా ఉన్నప్పుడు కూడా పొట్ట దగ్గర కొవ్వు పేరుకునే స్వభావం ఎక్కువ. అందుకే టేపుతో నడుము చుట్టుకొలత చూసుకోవడం మరింత ఉపయోగం: పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు హద్దు. చేతులు కాళ్ళు సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు వచ్చినవారు తమను తాము సన్నగా ఉన్నామని అనుకోవడం పొరపాటు. భారత వైద్య పరిశోధన మండలి చేయించిన దేశవ్యాప్త అధ్యయనం 2023లో వెల్లడించిన అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహంతో, మరో 13.6 కోట్ల మంది దానికి ముందు దశలో ఉన్నారు. ముందు దశలో ఉన్నవారికి ఆహారం, నడక వలన కలిగే మేలు చాలా పెద్దది.

రోజుకు పదివేల అడుగులు నడవాల్సిందేనా?

ఆ అంకె వైద్య పరిశోధన నుంచి పుట్టలేదు. 1965లో జపానులో అమ్మిన ఒక అడుగుల లెక్కింపు పరికరానికి ‘పదివేల అడుగుల మీటరు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు, అక్కడి నుంచి అది ప్రపంచమంతా పాకింది. అంతకంటే చాలా తక్కువ అడుగుల దగ్గరే ప్రయోజనం మొదలవుతుందని ఆ తరువాతి పరిశోధనలు చూపాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ చాలంటాయి. అంటే వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున చురుకైన నడక.

చురుకైన నడక అంటే ఎంత వేగం అనేదానికి యంత్రం అక్కరలేదు. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి. పాడగలిగితే వేగం చాలదు, మాట కూడా రాకపోతే వేగం ఎక్కువైంది. అరగంట ఒకేసారి కుదరకపోతే పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడవవచ్చు. అందులో ఒకటి భోజనం తరువాతదైతే మరీ మంచిది: నడిచే కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి కాబట్టి, తిన్న తరువాత దాని పెరుగుదల మందగిస్తుంది. రాత్రి భోజనం కాగానే టీవీ ముందు కూర్చునే బదులు వీధి చివరి వరకు పోయి రావడం ఇంటిల్లిపాదీ కలిసి చేయగల పని.

మన ప్రాంతంలో ఎండాకాలం సంగతి తప్పక చెప్పుకోవాలి. పల్నాడులోని రెంటచింతల, గోదావరి ఒడ్డునున్న రామగుండం వంటి చోట్ల మే నెలలో ఎండ 45 డిగ్రీలు తాకే రోజులుంటాయి. ఆ నెలలలో ఉదయం ఆరు గంటలలోపు నడక ముగించడం, లేదా ఇంటి లోపలే వరండాలో, మిద్దె మెట్ల మీద నడవడం వివేకం. మంచు ముంచెత్తే అమెరికా రాష్ట్రాలలో ఉన్న మన తల్లిదండ్రులకు ఇదే సమస్య చలికాలంలో ఎదురవుతుంది. వారికి పెద్ద దుకాణ సముదాయాల లోపలి నడవాలు ఉదయం వేళ బాగా పనికివస్తాయి.

ఇంటి పనంతా నేనే చేస్తాను. అది వ్యాయామం కాదా?

కొంతవరకు అవును, మొత్తంగా కాదు. బావిలోంచి నీళ్ళు తోడి, రోట్లో పిండి రుబ్బి, రోకలితో దంచిన తరానికి విడిగా వ్యాయామం అక్కరలేకపోయింది. ఇప్పుడు మోటారు, గ్రైండరు, మిక్సీ ఆ బరువును తీసుకున్నాయి. మిగిలింది గంటల తరబడి నిలబడటం, అటూ ఇటూ తిరగడం. అందులో అలసట ఉంది కానీ గుండె వేగం పెరిగే శ్రమ తక్కువ. ఇల్లు వంగి తుడవడం, బట్టలు చేత్తో ఉతకడం, నీళ్ళ బిందెలు మోయడం వలన ఊపిరి వేగం పెరుగుతుంది కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోవచ్చు. అంట్లు తోమడం, వంట చేయడం ఆ కోవలోకి రావు. కాబట్టి పనితో అలసిపోయినా విడిగా నడక అవసరమే, దానికి సమయం దొరికేలా చూడటం ఇంట్లో మిగిలినవారి బాధ్యత.

రోజంతా కంప్యూటరు ముందు కూర్చునేవారు ఏమి చేయాలి?

ఉదయం గంట నడిచి, తరువాత పది గంటలు కదలకుండా కూర్చుంటే ఆ నడక మేలు కొంత తగ్గుతుంది. అరగంటకో ముప్పావు గంటకో ఒకసారి లేచి రెండు నిమిషాలు తిరగాలి. ఫోను వచ్చినప్పుడు నిలబడి మాట్లాడటం, చిన్న నీళ్ళ సీసా పెట్టుకుని తరచుగా నింపుకోవడానికి లేవడం వంటివి గుర్తు పెట్టుకోనక్కరలేకుండానే జరిగిపోతాయి.

పెద్దవయసువారికి నడక ఒక్కటే చాలదా?

చాలదు. వయసుతో కండరం తగ్గుతుంది, దానితో పాటే పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. అందుకే వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే శ్రమ అన్ని వయసులవారికీ అవసరం, 65 దాటినవారికి తూకం నిలిపే వ్యాయామాలు అదనంగా అవసరం. కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం పదిసార్లు, గోడను చేతులతో నెట్టడం పదిసార్లు, కిటికీ చువ్వ పట్టుకుని ఒంటికాలిపై పది లెక్కపెట్టేంత సేపు నిలబడటం ఇంట్లోనే చేయవచ్చు. పీట వేసుకుని నేలమీద కూర్చుని తిని లేచే అలవాటు ఉన్నవారు, మోకాళ్ళు సహకరించినంత కాలం దానిని వదులుకోకూడదు. పళ్ళు లేవని చారన్నం, మజ్జిగన్నంతో సరిపెట్టే పెద్దవారికి మెత్తటి ముద్దపప్పు, గుడ్డు, పెరుగు, మెదిపిన కూర ప్రతి పూటా అందాలి. ఆకలి లేదని వారు చెప్పే మాటను యథాతథంగా తీసుకోకూడదు.

పిల్లల సంగతి?

ఐదు నుంచి పదిహేడేళ్ళ వయసువారికి రోజుకు సగటున 60 నిమిషాల శ్రమ అవసరం, ట్యూషన్ ఉన్న రోజులలో కూడా. ఆట దానికి అన్నిటికంటే మంచి రూపం. బిస్కెట్ల పొట్లం ఇంట్లో లేకపోతే పిల్లలు వేరుశనగ ఉండ, జామకాయ, ఉడికించిన మొక్కజొన్న తింటారు, ఉంటే తినరు. కాబట్టి మందలింపు కంటే చీటీలో నుంచి ఆ పొట్లాన్ని కొట్టివేయడం బాగా పనిచేస్తుంది.

మధుమేహం, రక్తపోటు మందులు వాడుతున్నవారు ఇవన్నీ పాటించవచ్చా?

చాలావరకు పాటించవచ్చు, కానీ వైద్యుడికి చెప్పి మొదలుపెట్టాలి. ఇన్సులిన్, కొన్ని రకాల మధుమేహ మాత్రలు వాడేవారు అన్నం ఒక్కసారిగా తగ్గించినా, భోజనం మానినా, ఒక్కపొద్దు ఉన్నా చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మందు మోతాదును దానికి తగినట్టు వైద్యుడే మార్చాలి. చెమట, వణుకు, కళ్ళు తిరగడం వస్తే వెంటనే చక్కెర నీళ్ళు తాగాలి. నడుస్తుండగా ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి వస్తే ఆగిపోయి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంట్లో అందరికీ వండే ఆమె ఈ అలవాట్లు ఎలా పాటించగలదు?

ఈ ప్రశ్నను అడిగేవారు తక్కువ. చాలా ఇళ్ళలో ఆమె చివరన తింటుంది. అప్పటికి కూర గిన్నె అడుగు కనబడుతుంది, గుడ్లు అయిపోతాయి, అన్నం మాత్రం మిగులుతుంది. పారేయడం ఇష్టం లేక చారుతోనో పచ్చడితోనో ఆ అన్నమంతా తానే తింటుంది. అంటే ఒకే వంట నుంచి ఇంట్లో అందరికంటే తక్కువ మాంసకృత్తులు, తక్కువ ఇనుము, ఎక్కువ అన్నం ఆమెకే వస్తాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. దానికి కారణాలు చాలా ఉన్నా, ఈ చివరి కంచం అందులో ఒకటి.

వంట దించగానే, ఎవరికీ వడ్డించకముందే, ఆమె వాటా పప్పు, కూర, గుడ్డు ఒక గిన్నెలో తీసి మూతపెట్టాలి. వీలైన పూట అందరూ కలిసి కూర్చుని, గిన్నెలు మధ్యలో పెట్టుకుని ఎవరికి వారు వడ్డించుకోవాలి. మిగిలిన అన్నాన్ని మర్నాటికి చద్దన్నంగానో పులిహోరగానో మార్చవచ్చు. దానిని అప్పటికప్పుడు తినేయడం ఆమె పని కాకూడదు. వారంలో కనీసం మూడు రోజులు ఉదయపు టిఫిన్ పని ఇంట్లో మరొకరు అందుకుంటే, ఆరింటికి చెప్పులు వేసుకుని ఆమె అరగంట నడిచి రాగలదు.